రొమ్ముగడ్డయు ఎక్సురే చిత్రమును: పిన్నవయస్సు స్త్రీల మాట

2023వ సంవత్సరము మార్చి 8వ తేదీన నాటి రాష్ట్ర ఆరోగ్యమంత్రి తన్నీరు హరీశ్ రావు గారు కరీంనగరమున "ఆరోగ్య మహిళ" అను కార్యక్రమమును ప్రారంభించిరి. మొదట నూరు దవాఖానలలో ప్రతి మంగళవారము స్త్రీలకొరకు ప్రత్యేకముగ పరీక్షలు జరుపునట్లు ఏర్పాటు చేయబడెను. ఆ పరీక్షలలో రొమ్ము క్యాన్సరును వెదకుటయు నొకటి. రాజధానిలో పుట్టి ఎన్ని యేండ్లకో జిల్లాలకు నడచివచ్చు మంచిపనులు మనకు పెక్కు గలవు. ఇది మన కరీంనగరములోనే మొదలైనదని విని మేమును సంతసించితిమి.

అయితే ఈ విషయమున నొక చిక్కు గలదు. దానిని గూర్చియే యీ వ్యాసము వ్రాయుచున్నాము. "మమోగ్రాము" అను మాట ఇప్పుడు మన పట్టణములలో దవాఖానల పలకలమీదను, ఉచిత శిబిరముల గోడపత్రికలమీదను కనబడుచున్నది. రొమ్మును ఎక్సురే కిరణములతో చిత్రించుటయే మమోగ్రఫీ. ఆ చిత్రము తీయించుకొన్న చాలును, రోగమున్నదో లేదో తేలిపోవునని జనులనుకొనుచున్నారు. ఏబది యేండ్లు దాటిన స్త్రీ విషయమున నీ యభిప్రాయము చాలవరకు చెల్లును. ముప్పది యేండ్ల స్త్రీ విషయమున చెల్లదు. ఏల చెల్లదో తెలియవలెనన్న ఆ యంత్రము చరిత్రమును కొంత తెలిసికొనవలెను.

సంస్కృతమున రోగకారణమును, రోగమును గుర్తించు శాస్త్రమును "నిదాన"మందురు. అదే మాట తెలుగున తొందరలేకుండుట యను నర్థమును పొందినది. ఒకే పదమునకు కలిగిన యీ రెండర్థములను తలచినప్పుడెల్ల మాకు నవ్వును దుఃఖమును గూడ కలుగుచుండును. మన స్త్రీల రోగనిదానమున నిదానము మిక్కిలి యెక్కువ. తొలిసారి గడ్డ చేతికి తగిలిన దినమునకును వైద్యుని గడప తొక్కిన దినమునకును నడుమ నెలలు గడచును, ఒక్కొక్కప్పుడు సంవత్సరమే గడచును.

సుశ్రుత సంహితయందలి నిదానస్థానమున పదియవ యధ్యాయములో స్తనరోగములు చెప్పబడినవి. దాని తరువాతి యధ్యాయమున అర్బుదమనగా గుండ్రముగ, కదలక, లోతుగ వేరూని, మెల్లమెల్లగ పెరుగుచు, చీముపట్టని మాంసపు గడ్డయని వర్ణించినారు. చేతి వ్రేళ్లే సాధనములుగ గల వైద్యుడు చేసిన యీ వర్ణనలో నేటి వైద్యుడు త్రోసివేయవలసినది తక్కువ. చీముపట్టదు, నొప్పి అంతగా లేదు అను రెండు లక్షణములను మన పల్లెలలో నేటికిని తలక్రిందులుగ గ్రహించుచున్నారు. నొప్పిలేని గడ్డ నిరపాయమైనదని వారి నమ్మకము.

కాని అదే గ్రంథమున మరియొక మాట కలదు. కన్యలకు స్తనములయందలి నాళముల ద్వారములు మూసికొని యుండుటచేత దోషములు లోనికి ప్రవేశింపవనియు, కావున వారికి స్తనరోగములు కలుగవనియు, గర్భిణులకును ప్రసవించినవారికిని ఆ ద్వారములు సహజముగ తెరచుకొనుననియు సుశ్రుతుడు చెప్పెను. పాలు గడ్డకట్టుట, చీముపట్టుట మొదలగు రోగములను చూచి చెప్పినమాట యిది. ఆ మేరకు తప్పు పట్టనక్కరలేదు. క్యాన్సరు విషయమున మాత్రము ఇటలీ దేశపు వైద్యుడు రమజ్జీని 1713లో దీనికి విరుద్ధమైన సంగతి కనుగొనెను. వివాహము లేక మఠములలో జీవించు క్రైస్తవ సన్యాసినులకు రొమ్ము క్యాన్సరు ఇతర స్త్రీలకంటె నెక్కువగ వచ్చుచున్నదని ఆయన వ్రాసెను. రెండువందల యేండ్ల పిమ్మట, 1926లో, ఇంగ్లండు దేశమున జానెట్ లేన్ క్లేపన్ అను వైద్యురాలు రోగముగల 500 మంది స్త్రీలను, రోగములేని 500 మంది స్త్రీలను ప్రక్కప్రక్కన పెట్టి లెక్కలు తీసి, సంతానము తక్కువగ గలవారికిని బిడ్డలకు తక్కువకాలము పాలిచ్చినవారికిని ఈ రోగము హెచ్చని నిరూపించెను. ఆమె అవలంబించిన పద్ధతియే తరువాత నెన్నియో రోగముల కారణములను వెదకుటకు త్రోవచూపినది. ఆమె పేరు మన పాఠ్యపుస్తకములలో నెక్కడను లేదు.

ఇక యంత్రము మాట. రాంట్జెన్ పండితుడు 1895 నవంబరు 8వ తేదీన ఎక్సురే కిరణములను కనుగొనెను. పదునెనిమిదేండ్లకు, అనగా 1913లో, బెర్లిను నగరపు శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, కోసి తీసిన మూడువేల రొమ్ములను ఎక్సురే చిత్రములు తీసి, ఆ చిత్రములను కత్తిక్రింద కనబడిన రోగముతో పోల్చి చూచెను. కొన్ని క్యాన్సరు గడ్డలలో ఇసుక రేణువులవంటి సున్నపు చుక్కలు ఆయనకు కనబడెను. ఆ చుక్కలే నేటికిని మమోగ్రాము చదువు వైద్యునికి ముఖ్యమైన గురుతులు. ఆయన పని వెంటనే ఫలింపలేదు. సాలమన్ యూదుడగుటచేత నాజీలు ఆయనను పదవినుండి తొలగించి, 1938లో నిర్బంధ శిబిరమున నుంచిరి. విడుదలయై ఆయన హాలండుకు పారిపోయెను. ఆయన కుమార్తె షార్లొట్ సాలమన్, చిత్రకారిణి, 1943లో ఆష్విట్సున చంపబడెను. రోగులకు మేలుచేయు చిత్రమును కనిపెట్టినవాని యింటనే యింతటి చీకటి క్రమ్మినది.

ప్రాణముతోనున్న స్త్రీల రొమ్ములను చిత్రించి లెక్కలు ప్రకటించినవాడు అమెరికా దేశమున స్టాఫర్డ్ వారెన్, అది 1930లో. 1949లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశస్థుడు రవూల్ లెబోర్న్ రొమ్మును రెండు పలకల నడుమ నొక్కి చిత్రించిన స్పష్టత హెచ్చునని చూపెను. పరీక్షకు పోయివచ్చిన స్త్రీలు మొట్టమొదట చెప్పుకొను కష్టము ఆ నొక్కుటయే. ఆ కష్టమునకు కారణము నిది. 1960లో హ్యూస్టను నగరమున రాబర్ట్ ఈగన్ ఎక్కడి సాంకేతికుడైనను తిరిగి తీయదగిన పద్ధతిని స్థిరపరచెను. ఆ దశకము నడుమనే ఫ్రాన్సున స్ట్రాస్బూర్గులో షార్ల్ గ్రో అను నాతడు రొమ్ముకొరకే ప్రత్యేకమైన యంత్రమును చేయించెను. అంతవరకు ఎముకలు చూచు యంత్రముతోనే మెత్తని మాంసమును చూడ ప్రయత్నించుచుండిరి.

చిత్రమున నేమి కనబడును? కొవ్వు నల్లగ కనబడును. పాలగ్రంథులును వానిని పట్టియుంచు నారయు తెల్లగ కనబడును. క్యాన్సరు గడ్డయు తెల్లగనే కనబడును. ఆదిలాబాదు వారికి దీనిని వివరించుట సులభము. నల్లరేగడి చేనులో రాలిన పత్తికాయ దూరమునుండియే కన్నులబడును. అదే కాయను జిన్నింగు మిల్లు ముంగిట పత్తికుప్పలో పడవేసిన ఎవడు వెదకగలడు? వయస్సు మీరి, ముట్లుడిగిన స్త్రీ రొమ్మున గ్రంథులు తగ్గి కొవ్వు పెరుగును; అది నల్లరేగడి చేను. యౌవనమున గ్రంథులు నిండుగ నుండును, అది పత్తికుప్ప. గర్భిణికిని పాలిచ్చు తల్లికిని ఆ కుప్ప మరింత దట్టము. యంత్రము చెడ్డది కాదు, చూచు వైద్యుడు అసమర్థుడు కాడు. తెలుపులో తెలుపు కలిసిపోవుచున్నది, అంతే.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు తెలియక పోలేదు. 1963లో న్యూయార్కు నగరమున ఫిలిప్ స్ట్రాక్స్ అను వైద్యుడును ఆయన మిత్రులును ఒక గొప్ప పరిశోధనము ప్రారంభించిరి. స్ట్రాక్స్ భార్య ఈ రోగముచేతనే మరణించినది. నలుబదినుండి అరువదినాలుగు ఏండ్లలోపు స్త్రీలను సుమారు 62,000 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమును ఎక్సురే చిత్రముతోను చేతి పరీక్షతోను ఏటేట పరీక్షింప బిలిచి, రెండవ భాగమును మామూలు వైద్యమునకు విడిచిరి. పరీక్షలకు పిలువబడినవారిలో ఈ రోగపు మరణములు ఇంచుమించు మూడవవంతు తగ్గెను. ఈ ఫలము ఏబది దాటిన వారిలో త్వరగ స్పష్టమైనది. నలుబదుల వారిలో సందేహాస్పదముగ నుండెను. అక్కడనుండి మొదలైన తగవు అరువదేండ్లు గడచినను పూర్తిగ తీరలేదు.

1976లో జాన్ బేలర్ అను నమెరికా వైద్యుడు, నలుబదుల స్త్రీలకు ఏటేట ఈ కిరణములు ప్రసరింపజేయుటచేత మేలుకంటె కీడే యెక్కువ కావచ్చునని వ్రాసెను. నాటి కిరణముల మోతాదు నేటికంటె చాల హెచ్చు. నేటి యొక పరీక్షలో తగులునది, మనము ఊరక యున్నను భూమినుండియు ఆకాశమునుండియు కొన్ని వారములలో మనకు తగులునంతటిది మాత్రమే. 1977లో అమెరికా ప్రభుత్వమువారి కార్యక్రమమున ఏబది లోపు స్త్రీలకు ఈ చిత్రమును నిర్బంధించి, ప్రత్యేక కారణమున్నవారికే తీయసాగిరి. 1980లో కెనడా వారు నలుబదుల స్త్రీలనే యేబదివేల మందిని ప్రత్యేకముగ తీసికొని పరిశోధించి, 1992లో, ఏడేండ్లు చూచినను మరణములు తగ్గలేదని ప్రకటించిరి. స్వీడను వారు దానిని అంగీకరింపలేదు. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ యేర్పరచిన పండితసభ, నలుబదుల స్త్రీలందరికిని ఈ పరీక్షను విధింపజాలమనియు, ప్రతి స్త్రీయు తానే యోచించి నిర్ణయించుకొనవలెననియు చెప్పెను. వెంటనే దేశమంతట నలజడి పుట్టెను. అమెరికా సెనేటులో 98 మంది ఏకగ్రీవముగ ఆ నిర్ణయమునకు విరుద్ధమైన తీర్మానమును చేసిరి. గణితముచేత తేలవలసిన ప్రశ్నను చేతులెత్తి తేల్చిన విచిత్రమునకు ఇంతకంటె మంచి యుదాహరణము మా కెక్కడను కనబడలేదు.

గణితము చివరకు 2020లో కొంత తేలినది. బ్రిటనులో 1990 మొదలు 1997 వరకు ముప్పదితొమ్మిది, నలుబది, నలుబదియొక్క ఏండ్ల స్త్రీలను లక్షా అరువదివేల మందిని చేర్చుకొని, కొందరికి ఏటేట చిత్రము తీసి, ఇరువది యేండ్లకు పైగ కనిపెట్టి చూచిరి. మొదటి పదేండ్లలో రొమ్ము క్యాన్సరు మరణములు నాలుగవవంతు తగ్గెను. ఇది చిన్న లాభము కాదు. కాని యొక ప్రాణము దక్కుటకు నలుబదుల స్త్రీలలో సుమారు 1,150 మందికి ఆ దశకమంతయు పరీక్షలు జరుగవలెనని వారే లెక్కకట్టిరి. 2024లో అమెరికా నిపుణుల సంఘము నలుబదవ యేటినుండి రెండేండ్ల కొకసారి పరీక్షను విధించినది. ఈలోగ ఫిలిముకు మారుగ అంకెల యంత్రములు వచ్చెను. దాదాపు ఏబదివేల స్త్రీలమీద జరిగి 2005లో ప్రకటింపబడిన పరిశోధనమువలన, ఏబది లోపు స్త్రీలకును దట్టమైన రొమ్ములు గలవారికిని ఫిలిముకంటె అంకెల చిత్రము మేలని తేలినది. పత్తికుప్పను ఇంకను స్పష్టముగ చూచుటకు కుదిరినది. కుప్ప మాత్రము కుప్పగనే యున్నది.

చదువరులొక భేదమును మనసున నుంచుకొనవలెను. పై పరిశోధనములన్నియు ఏ బాధయు లేని స్త్రీలను జల్లెడపట్టుటను గూర్చినవి. గడ్డ చేతికి తగిలి వచ్చిన స్త్రీ మాట వేరు. మొదటిది వెదకుట, రెండవది నిర్ణయించుట. వెదకుట ఏ వయస్సున మొదలుపెట్టవలెనను విషయమున పండితులు ఇంకను తగవులాడుచున్నారు. నిర్ణయించు విషయమున తగవు లేదు. చేతితో పరీక్షింపవలెను, చిత్రము తీయవలెను, సూదితో గడ్డనుండి తునుక తీసి సూక్ష్మదర్శినిక్రింద చూడవలెను. ఈ మూడును ఒకదానితో నొకటి పొసగవలెను. ముప్పది యేండ్ల లోపు స్త్రీకి మొదట తీయదగినది ఎక్సురే చిత్రము కాదు, ధ్వనితరంగములతో తీయు అల్ట్రాసౌండు చిత్రము. గర్భిణులను చూచు యంత్రమే యది. దానితో గడ్డ నీటితో నిండినదో, గట్టిదో తెలియును. పాలగ్రంథుల దట్టము దానికి అంతగా అడ్డుకాదు. నలుబది దాటిన పిమ్మట ఎక్సురే ముందు, అల్ట్రాసౌండు తోడు. నడుమ దశకమున వైద్యుడు రెంటిలో నేదైన ముందు తీయును, తరచుగ రెంటిని తీయును. చిత్రమున నేమియు లేదన్నను, చేతికి తగులు గడ్డ అనుమానాస్పదమైనచో తునుక తీయకుండ స్త్రీని ఇంటికి పంపరాదు.

ఈ భేదము తెలియకపోవుటచే నేమి జరుగునో మేము మా కన్నులార చూచితిమి. మేమెరిగిన యొక యుపాధ్యాయినికి ముప్పదినాలుగేండ్లు. రెండవ బిడ్డకు పాలు మాన్పించిన కొలది నెలలకు ఆమెకు రొమ్ములో రేగుపండంత గడ్డ తగిలెను. అత్తగారు పాలగడ్డ అనిరి. వేడి కాపడము పెట్టిరి. ఆమె చదువుకొన్నది గనుక ఊరకుండక ఒక శిబిరమునకు పోయి మమోగ్రాము తీయించుకొనెను. అక్కడివారు దోషము లేదని కాగితమిచ్చిరి. గడ్డను చేతితో పట్టి చూచినవా రెవరును లేరు. "ఫొటోల ఏం లేదన్నరు సార్, ఇగ పరేషాన్ ఎందుకని ఊకున్న" అని ఆమె తరువాత మాతో చెప్పెను. ఏడు నెలలకు చంకలో రెండవ గడ్డ లేచిన పిమ్మట హైదరాబాదుకు పోయెను; అక్కడ అల్ట్రాసౌండును, సూదిపరీక్షయు ఒక్కదినముననే చేసిరి. ఆమె చికిత్స ముగించుకొని యిప్పుడు మరల బడికి వచ్చుచున్నది. ఆ కాగితము అబద్ధము చెప్పలేదు: చిత్రమున నిజముగనే ఏమియు కనబడియుండకపోవచ్చును. దానిని తుది తీర్పుగ చేతికిచ్చి పంపుటయే దోషము.

మన దేశమున రొమ్ము క్యాన్సరు పాశ్చాత్యులకంటె సుమారు పదేండ్లు ముందుగ వచ్చుచున్నదని తరచుగ వినుచున్నాము. ఈ మాటను జాగ్రత్తగ గ్రహింపవలెను. మన దేశపు ముప్పదియేండ్ల స్త్రీకి ఇంగ్లండులోని ముప్పదియేండ్ల స్త్రీకంటె ఈ ప్రమాదము హెచ్చని దీని యర్థము కాదు. మన జనసంఖ్యలో పిన్నవారే యెక్కువ, వృద్ధులు తక్కువ. అందుచేత రోగుల వరుసలోను పిన్నవారి పాలు పెద్దదిగ కనబడును. ఐనను వైద్యుని గది ముందు కూర్చున్నవారు మాత్రము పిన్నవారే గదా. 2022వ సంవత్సరపు అంతర్జాతీయ గణనము ప్రకారము భారతదేశమున కొత్తగ ఈ రోగము బారినపడినవారు సుమారు 1,92,000 మంది. మరణించినవారు సుమారు 98,000. భారత వైద్య పరిశోధన మండలివారు 2020లో ప్రకటించిన పట్టికలలో మన హైదరాబాదు నగరమున లక్ష మంది స్త్రీలకు 48 మంది చొప్పున ఏటేట ఈ రోగము కనబడుచున్నట్లున్నది. మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీ నగరములు దానికి వెనుక నున్నవి.

ఇంతటి దేశమున అందరికిని మమోగ్రాము తీయుట సాధ్యమా? అంత అవసరమా? బొంబాయిలోని టాటా స్మారక వైద్యాలయమువారు 1998లో వేరొక త్రోవ త్రొక్కిరి. యంత్రము లేకుండ, తరిఫీదు పొందిన స్త్రీలచేత, చేతితోనే పరీక్ష చేయించుట ఆ త్రోవ. మురికివాడలలోని ముప్పదియైదునుండి అరువదినాలుగు ఏండ్ల స్త్రీలు లక్షా ఏబదివేల మందికి పైగ ఆ పరిశోధనమున చేరిరి. ఇరువదియేండ్ల ఫలితములు 2021లో వచ్చినవి. పరీక్షింపబడినవారిలో రోగము ముదరకముందే పట్టుబడెను. ఏబది దాటినవారిలో మరణములు ఇంచుమించు నూటికి ముప్పది తగ్గెను. ఏబది లోపువారిలో మరణములు తగ్గలేదు. ఈ కడపటి వాక్యమును చేతిపరీక్షకు ఉత్సాహపడువారు దాటవేయుదురు, మేము దాటవేయజాలము. యంత్రమునకు దొరకక జారిపోవు పిన్నవయస్సు చేతికి సైతము పూర్తిగ దొరకలేదు. కావున పిన్నవారి విషయమున ఎవరో వచ్చి రెండేండ్ల కొకసారి వెదకుటకంటె, గడ్డ తగిలిన స్త్రీ ఆ వారముననే వచ్చుటయు, వచ్చినదానిని సగము పరీక్షతో పంపివేయకుండుటయు ముఖ్యమని మా యభిప్రాయము.

తెలుగునాట ఈ చేతిపరీక్షను విరివిగ నడపినవారు డాక్టరు పిల్లరిశెట్టి రఘురాం గారు. వారి తల్లి ఉషాలక్ష్మి గారును వైద్యురాలే. ఆమెకు ఈ రోగము వచ్చిన పిమ్మట కుమారుడు ఇంగ్లండునుండి వచ్చి 2007లో ఆమె పేర హైదరాబాదున రొమ్మువ్యాధుల కేంద్రమును స్థాపించెను. 2012 మొదలు 2016 వరకు రెండు రాష్ట్రముల పల్లెలలో రెండు లక్షలకు పైగ స్త్రీలను వారి సంస్థ పరీక్షింపజేసినది. ప్రభుత్వము 2016లో ప్రకటించిన పద్ధతి ప్రకారము ముప్పదినుండి అరువదియైదు ఏండ్ల స్త్రీలందరికిని ఐదేండ్ల కొకసారి ఆరోగ్య కార్యకర్త చేతిపరీక్ష చేయవలెను. కాగితముమీద నిది చక్కగ నున్నది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ముప్పదినుండి నలుబదితొమ్మిది ఏండ్లలోపు స్త్రీలలో ఎన్నడైన రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు దేశమంతటి మీద నూటికి ఒక్కరును లేరు.

ఎందుకు లేరు? మన జిల్లాలలో నివసించువారికి ఈ ప్రశ్నకు జవాబు వెదకనక్కరలేదు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల యిండ్లలో మగవారు దుబాయిలోనో బొంబాయిలోనో భివండిలోనో యుందురు. ఇంటిలో ముసలివారు, పిల్లలు, ముందర బీడీల చాట. వేయి బీడీలు చుట్టిన దినమునకే కూలి. దవాఖానకు పోయిన దినమున చాట ఖాళీ, అనగా కూలియు ఖాళీ. భర్తకు ఫోనులో పిల్లల జ్వరము చెప్పును, ఎరువుల ధర చెప్పును, ఈ గడ్డ మాట చెప్పదు. చెప్పుటకు భాషయే లేదు. రొమ్ము అను మాటను తల్లి బిడ్డకు పాలిచ్చునప్పుడు తప్ప పలుకుట సిగ్గని మనము నేర్పితిమి. పదవతరగతి జీవశాస్త్రమున ప్రత్యుత్పత్తి పాఠము వచ్చినప్పుడు "ఇది ఇంటివద్ద చదువుకొనుడు" అని పుట త్రిప్పివేయు ఉపాధ్యాయులు మాలో నేటికిని కలరు. వారు మగవారే కారు.

క్యాన్సరును మన ప్రాంతమున రాచపుండనియు రాచకురుపనియు పిలుతురు. పేరులోనే రాచరికమున్నది: దానికి చికిత్స లేదని, వచ్చినది ప్రాణము తీసికొనియే పోవునని భావము. ఆ భావము పాతబడినది. 1955లో హైదరాబాదున స్థాపింపబడి మెహదీ నవాజ్ జంగు పేర నడచుచున్న ప్రభుత్వ క్యాన్సరు వైద్యాలయము బీదలకు నేటికిని పెద్ద దిక్కు. 2000లో బసవతారకము గారి పేర రెండవ పెద్ద వైద్యాలయము వెలసెను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిమ్మట శస్త్రచికిత్సకును మందులకును బీదవాడు పొలమమ్ముట చాలవరకు తగ్గినది. రొమ్ము క్యాన్సరునకు 1976లో ఇటలీ దేశస్థులు స్థిరపరచిన మూడు మందుల చికిత్సలో నొకటియగు మెథొట్రెక్సేటు, భీమవరమున పుట్టిన మన యెల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాలనుండి వచ్చినదే. చంకకు ప్రాకకమునుపు పట్టుబడిన రోగి పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగ ఐదేండ్లు దాటి జీవించును.

దూరము మాట ఆదిలాబాదువారికి వేరుగ చెప్పవలెను. ఆదిలాబాదునుండి హైదరాబాదు మూడువందల కిలోమీటర్లు. నాగపూరు దానికంటె దగ్గర, కాని అక్కడ ఆరోగ్యశ్రీ కార్డు చెల్లునో చెల్లదో ముందుగ విచారింపవలెను. ఉట్నూరు, తిర్యాణి, కెరమెరి కొండలలోని గోండు, కోలాము స్త్రీలకు ఆదిలాబాదు పట్టణమే దూరము. వారివద్దకు పోయి తెలుగున వ్రాసిన కరపత్రమును పంచుట పని కాదు. 1940 దశకమున హైమండార్ఫ్ దొర మార్లవాయి గ్రామమున గోండి భాషలోనే పాఠములు చెప్పించి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగ తయారుచేసెను. అప్పుడు గాని ఆ కొండలలో బడి నిలువలేదు. ఈ విషయమునను గోండి మాటాడు స్త్రీయే పోయి, గోండు స్త్రీ చేతిని పట్టి, గడ్డ ఎట్లుండునో చూపవలెను. అచ్చటి ఆశా కార్యకర్తలలో అట్టివారు కలరు. వారికి తరిఫీదే కావలెను.

ఆ తరిఫీదులో నేర్పవలసినది విశేషమేమియు కాదు. గట్టిగ, ఒకచోట నిలిచిన, నొప్పిలేని గడ్డ, చర్మము లోనికి లాగినట్లు సొట్టపడుట, లేక బత్తాయి తొక్కవలె గుంటలు పడుట, చనుమొన కొత్తగ లోనికి ముడుచుకొనుట, దానినుండి రక్తము కారుట, చంకలో గడ్డ. పాలిచ్చు తల్లికి వచ్చిన గడ్డ రెండు వారములలో తగ్గనిచో దానిని పాలగడ్డ యనుట మానవలెను. ఇరువది ముప్పది యేండ్లవారికి తగులు గడ్డలలో చాలభాగము క్యాన్సరు కావు, చేతిక్రింద జారిపోవు నిరపాయమైన గడ్డలే. ఈ సంగతిని భయపడి దాగినవారికి మొదటనే చెప్పిన వారు దవాఖానకు వత్తురు.

ఇంక నొక చిన్న వర్గమును గూర్చి చెప్పవలసి యున్నది. తల్లికో, అక్కకో, పినతల్లికో నలుబదియైదేండ్లలోపున ఈ రోగము వచ్చిన స్త్రీలు, అండాశయ క్యాన్సరు వంశమున నున్న స్త్రీలు ఇతరులవలె వేచియుండరాదు. 1990లో మేరీ క్లేర్ కింగ్ అను విదుషి ఈ రోగము కొన్ని వంశములలో దిగివచ్చుటకు కారణమగు జన్యువు పదునేడవ క్రోమోజోముమీద నున్నదని చూపెను. 1994లో అది చేజిక్కెను. అట్టి జన్యుదోషము రక్తపరీక్షవలన తేలిన స్త్రీలకు ఇరువదియైదేండ్లనుండియే ఏటేట అయస్కాంత చిత్రమును, ముప్పదినుండి దానికి తోడుగ ఎక్సురే చిత్రమును తీయుదురు. అయస్కాంత చిత్రమునకు పత్తికుప్ప అంతగా అడ్డుకాదు. వంశమున నిట్టి చరిత్ర గల యాడపిల్ల, ఎవరికి ఏ వయస్సున ఏ రోగము వచ్చినదో తల్లివైపునను తండ్రివైపునను గూడ అడిగి ఒక కాగితముమీద వ్రాసికొని వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. తండ్రివైపు మేనత్తల మాట మనవారు మరతురు. జన్యువు తండ్రినుండియు వచ్చును.